లాక్‌డౌన్ కాలంలో భార్యాభర్తల బంధం: తరచుగా అడిగే ప్రశ్నలు

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. లాక్‌డౌన్‌లు అంతకుముందే చాలా దేశాల్లో ముగిశాయి. అయినా ఆ నెలల్లో తమ కాపురానికి ఏమైందో అర్థంకాక అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు, వారు అడిగే ప్రశ్నలు కూడా దాదాపు అవే. మళ్ళీ మళ్ళీ ఎదురైన ఆ సందేహాలను, అడిగినవారి మాటల్లోనే, దశలవారీగా ఇక్కడ చేర్చాను. ప్రతి జవాబునూ విడిగా చదువుకోవచ్చు కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి.

## మొదటి వారాలు

రోజంతా ఒకే ఇంట్లో ఉండటమే కదా, దానికే కాపురాలు ఎందుకు అంతగా అదిరిపోయాయి?

కలిసి ఉండే సమయం పెరగడం అందులో ఒక భాగం మాత్రమే. అంతకంటే పెద్ద మార్పు, దాంపత్యాన్ని బయటి నుంచి నిలబెట్టే ఆధారాలన్నీ ఒకేసారి తొలగిపోవడం. ఏ కాపురమూ కేవలం ఇద్దరు మనుషుల మీద నిలబడదు. పనిచేసే చోటు, స్నేహితులు, తోబుట్టువులు, పిల్లల బడి, సాయంత్రం ఒంటరిగా నడిచే ఆ అరగంట, ఇవన్నీ ఆలుమగల మధ్య ఉండే ఒత్తిడిని తలా కొంత మోస్తాయి, కానీ మోస్తున్నట్టు మనం గమనించం. 2020 జనవరి 23న వూహాన్ నగరాన్ని మూసివేశారు. ఏప్రిల్ మొదటి వారాల నాటికి ప్రపంచ జనాభాలో ఇంచుమించు సగం మంది ఇంటికే పరిమితమయ్యారు. అంటే మూడు నెలలు తిరగకుండానే, స్నేహమూ సలహా ఓదార్పూ కాలక్షేపమూ అన్నీ ఒకే ఒక్క మనిషి దగ్గర దొరకాల్సిన పరిస్థితి వచ్చింది. ఇంత బరువు మోయగల మనిషిని ఎవరూ పెళ్ళి చేసుకుని ఉండరు.

మొదటి రెండు మూడు వారాలు చాలా బాగా గడిచాయి. గొడవలు తర్వాత మొదలయ్యాయి. అంటే మొదట్లో మేము నటించామా?

నటించలేదు. బయట ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఇంట్లోవారు ఒకరికొకరు దగ్గరవుతారు, చిన్న చిన్న తప్పులను చూసీచూడనట్టు వదిలేస్తారు. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన హన్నా విలియమ్సన్, వివాహ బంధంలోనో ప్రేమ బంధంలోనో ఉన్న 654 మందిని మహమ్మారికి ముందు ఒకసారి, 2020 వసంతంలో మళ్ళీ ప్రశ్నించి ఫలితాలను పోల్చారు. సగటున వారి సంతృప్తి తగ్గలేదు. పైగా భాగస్వామి చేసిన పొరపాటుకు వారినే బాధ్యులను చేసే ధోరణి కొంత తగ్గింది. అయితే ఈ సగటు వెనుక రెండు గుంపులు ఉన్నాయి. కలిసి కష్టాన్ని ఎదుర్కొంటున్నామని భావించినవారి బంధం మెరుగుపడితే, అప్పటికే కీచులాటలున్నవారిది దిగజారింది.

మీ విషయంలో జరిగింది బహుశా ఇది: తాత్కాలికమనుకున్నంత కాలం ఓపిక నిలిచింది, అంతం కనిపించకపోయేసరికి అది కరిగిపోయింది. పరుగు పందెం వంద మీటర్లని చెప్పి, దారిపొడవునా గమ్యాన్ని జరుపుతూ పోతే ఎవరికైనా ఆయాసం రాక తప్పదు.

నేను భయంతో వణికిపోతుంటే మా ఆయన అంతా తేలిగ్గా తీసుకున్నారు. నా ప్రాణమంటే ఆయనకు లెక్కలేదనేగా?

ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో జరిగిన గొడవ ఇదే, పాత్రలు మాత్రం కొన్నిచోట్ల తారుమారయ్యాయి. ప్రమాదాన్ని అంచనా వేయడంలో ఇద్దరు మనుషులు ఒకేలా ఉండరు. ఒకరు ముందుజాగ్రత్తతో భయాన్ని అదుపు చేసుకుంటారు, మరొకరు పట్టించుకోనట్టు ఉండి అదుపు చేసుకుంటారు. దీనికి తోడు అధికారిక సలహాలే నెలనెలా మారాయి. మొదట మాస్కు అందరికీ అవసరం లేదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ, వైరస్ వ్యాప్తి ఉన్నచోట గుడ్డ మాస్కు వాడమని 2020 జూన్‌లో సలహా మార్చుకుంది. బయటి నుంచి తెచ్చిన ప్రతి పొట్లాన్నీ కడిగి, తుడిచి, ఎండబెట్టిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వస్తువుల ఉపరితలాల ద్వారా వైరస్ సోకే అవకాశం తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. అంటే అప్పట్లో ఇద్దరి వాదనకూ ఎక్కడో ఒకచోట ఆధారం దొరికేది.

అందువల్ల ఆయన మాస్కు వేసుకోలేదన్న ఒక్క విషయాన్ని బట్టి ఆయన మనసును తేల్చలేము. నా భయం తెలిసి కూడా ఆయన దాన్ని ఎగతాళి చేశారా, లేక నా కోసం కొంతైనా తగ్గారా అన్న ప్రశ్న వేసుకుంటే అసలు జవాబు దొరుకుతుంది.

కాసేపు ఒంటరిగా ఉండాలనిపించడం తప్పా?

కాదు. ఏకాంతం కోరుకోవడం ఎదుటి మనిషిని వద్దనుకోవడం కాదు. రెండు గదుల ఇంట్లో నలుగురు చిక్కుకున్నప్పుడు స్నానాల గది తలుపు వేసుకుని పది నిమిషాలు ఊరికే కూర్చున్నవారు చాలామంది ఉన్నారు. ఆ కోరికను నోటితో చెప్పకుండా ముఖం ముడుచుకోవడం వల్లే ఎదుటివారికి అది తిరస్కారంలా కనిపించింది.

## నెలలు గడిచేకొద్దీ

ఇద్దరమూ ఇంటి నుంచే పనిచేశాం. అయినా ఇంటి చాకిరీ అంతా నా నెత్తినే ఎందుకు పడింది?

ఎందుకంటే పని విభజన లాక్‌డౌన్‌లో పుట్టలేదు, అప్పుడు బయటపడింది. అంతకుముందు బడి, శిశు సంరక్షణ కేంద్రాలు, బంధువుల సాయం కలిసి ఆ అసమానతను కప్పి ఉంచాయి. యునెస్కో లెక్క ప్రకారం 2020 ఏప్రిల్ నాటికి 150 కోట్లకు పైగా విద్యార్థులు బడికి దూరమయ్యారు. వారి చదువు, తిండి, ఆట, అలక, అన్నీ ఇంటికే వచ్చాయి. వచ్చిన పని ఎవరి చేతికి వెళ్ళిందన్నది మాత్రం పాత అలవాటే నిర్ణయించింది.

ఈ విషయంలో బ్రిటన్‌లోని ఆర్థిక అధ్యయనాల సంస్థ 2020 మే నెలలో వెలువరించిన పరిశీలన ఆలోచింపజేస్తుంది. ఇంట్లో ఉద్యోగం చేసే తల్లుల పనిగంటల్లో 47 శాతం మరో పనితో, ముఖ్యంగా పిల్లలను చూసుకోవడంతో కలిసే గడిచాయి. తండ్రుల విషయంలో అది 30 శాతం. అదే పరిశీలనలో తండ్రులు మునుపటికంటే చాలా ఎక్కువ సమయం పిల్లలతో గడిపారని కూడా తేలింది. కాబట్టి "నేను ఎప్పుడూ చేయనంత చేశాను" అన్న భర్త మాటా నిజమే, "అయినా నాకే ఎక్కువ పడింది" అన్న భార్య మాటా నిజమే. ఈ రెండు నిజాలు ఒకదానితో ఒకటి తలపడటమే ఆ నెలల్లో చాలా కాపురాల కథ.

గంటల లెక్కకు అందని భారం ఇంకొకటి ఉంది. ఆన్‌లైన్ తరగతి ఎన్నింటికో, మందు ఎప్పుడు అయిపోతుందో, ఏ సరుకు నిండుకుందో గుర్తుపెట్టుకోవడం కూడా పనే. చెప్పిన పని చేసే భర్త సాయపడుతున్నట్టే, కానీ ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పే బాధ్యత అప్పటికీ భార్యదే. మీ కోపం గిన్నెల మీద కాదు, మీరు కోరుకోని ఈ పెత్తనం మీద అయివుండవచ్చు. ఇంకా ఒక చిన్న గుర్తు చెబుతాను: ఇంట్లో తలుపు వేసుకుని పనిచేసే హక్కు ఎవరికి దక్కిందో గుర్తు తెచ్చుకోండి. ఎవరి ఉద్యోగానికి ఆ ఇల్లు విలువ ఇచ్చిందో ఆ తలుపే చెబుతుంది.

ఉద్యోగం పోయాక ఆయన నాతో మాట్లాడటమే మానేశారు. నా మీద ప్రేమ తగ్గిందనుకోవాలా?

ఆ మౌనం ఎక్కువమందిలో సిగ్గు నుంచి పుట్టింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచం కోల్పోయిన పనిగంటలు 25.5 కోట్ల పూర్తికాల ఉద్యోగాలతో సమానం. ఇంత పెద్ద లెక్కలో ఒకడినని తెలిసినా, తన ఇంట్లో మాత్రం తానే ఓడిపోయానని మనిషి అనుకుంటాడు. సంపాదనే తన విలువ అని నమ్మి పెరిగినవారికి ఇది మరీ కష్టం. ఇక రోజంతా భార్య కళ్ళెదుటే ఉండాల్సి రావడం గోరుచుట్టు మీద రోకటిపోటు. మామూలు రోజుల్లో ఉద్యోగం పోయిన మనిషి కనీసం పని వెతుక్కోవడానికి బయటికి వెళ్ళి, ఇంటికి వచ్చేలోపు ముఖం సర్దుకునేవాడు. ఆ వీలు కూడా లేకుండా పోయింది.

ఏమైందని పదేపదే అడిగితే ఇలాంటి మౌనం ఇంకా బిగుసుకుంటుంది. డబ్బు లెక్కలను ఇద్దరూ కలిసి కాగితం మీద వేసుకున్న జంటల్లో మాట తొందరగా తిరిగి వచ్చిందని నా పరిశీలన. నీ తప్పు కాదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మనివారు, సమస్యను తమతో కలిసి పంచుకుంటున్న మనిషిని చూసి నమ్మారు.

పూచికపుల్లంత విషయానికి పెద్ద రభస ఎందుకు జరిగేది?

మామూలు రోజుల్లో తగవుకు ఒక సహజమైన ముగింపు ఉంటుంది. ఎవరో ఒకరు పనికి వెళ్ళిపోతారు, లేదా ఎవరో ఒకరు తలుపు తట్టుతారు. సాయంత్రానికి కోపం సగం చల్లారి, మిగతా సగం మరిచిపోయి ఉంటారు. లాక్‌డౌన్‌లో ఆ విరామం మాయమై, ఉదయం మొదలైన తగవు మధ్యాహ్నానికి మౌనంగా మారి, రాత్రికి మళ్ళీ మాటగా బయటపడేది.

దీనికి తోడు దాంపత్య పరిశోధకులు చాలాకాలంగా గమనించిన ఒక చక్రం ఉంది. ఒకరు విషయం తేల్చమని వెంటపడతారు, రెండోవారు తప్పించుకుంటారు. తప్పించుకునే కొద్దీ మొదటివారి గొంతు పెరుగుతుంది, గొంతు పెరిగే కొద్దీ రెండోవారు ఇంకా ముడుచుకుంటారు. తప్పించుకునేవారికి అంతకుముందు వీధి ఉండేది, లాక్‌డౌన్‌లో ఫోను తెర ఒక్కటే మిగిలింది. ఎదురుగా కూర్చుని ఫోను చూస్తున్న మనిషి గడప దాటి వెళ్ళిన మనిషికంటే ఎక్కువ కోపం తెప్పిస్తాడు. పైగా రభస జరిగింది తడి తువ్వాలు గురించో, గట్టిగా మాట్లాడిన ఫోను గురించో కాదు. అలసట, భయం, అప్పు, నిద్రలేమి అన్నింటికీ బయటపడటానికి దొరికిన సందు అది.

మాకంటే ఎక్కువ కష్టాలు పడ్డ జంటలు బాగానే ఉన్నారు. తేడా ఎక్కడ ఉంది?

నాకు తెలిసినంతలో ఈ పేజీలోని ప్రశ్నలన్నింటిలో ముఖ్యమైనది ఇదే. కష్టం ఎంత పెద్దదన్న దానికంటే, ఆ కష్టాన్ని ఎవరి ఖాతాలో రాశారన్నది ఎక్కువ తేడా చూపింది. మామూలుగా బయటి ఒత్తిడి దాంపత్యంలోకి చడీచప్పుడు లేకుండా చొరబడుతుంది. పని భారంతో విసిగిన మనిషి తాను పని వల్ల విసిగానని అనుకోడు, భార్య మాట తీరే విసుగు పుట్టిస్తోందని అనుకుంటాడు. మహమ్మారి విషయంలో మాత్రం కారణం అందరి కళ్ళెదుటా ఉంది. లీసా నెఫ్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ విషయాన్నే పరిశీలించి 2021లో ప్రచురించారు. తమ సమస్యలకు మహమ్మారిని తప్పుపట్టగలిగితే, ఒత్తిడి దాంపత్యాన్ని దెబ్బతీయకుండా కొంత రక్షణ దొరుకుతుందని వారి అధ్యయనం చూపింది.

ఇంటి భాషలో చెప్పాలంటే, "ఈ రోజులు మనల్ని ఇలా చేస్తున్నాయి" అన్న ఇంట్లో ఇద్దరూ ఒక పక్షాన నిలిచారు. "నువ్వు ఇలాంటిదానివని ఇప్పుడు తెలిసింది", "నీ అసలు రంగు బయటపడింది" అన్న ఇంట్లో అవే రోజులు ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాయి. అయితే ఇందులో అదృష్టం పాత్ర కూడా ఉందని ఒప్పుకోవాలి. ఒక గది ఎక్కువ ఉన్నవారికి, జీతం ఆగనివారికి, పసిపిల్లలు లేనివారికి పరిస్థితిని నిందించి నవ్వుకునే తీరిక దొరికింది. మూడూ కరువైన ఇంటిని వారితో పోల్చి మీ కాపురం బలహీనమైనదని అనుకోవడం న్యాయం కాదు.

ఇరవై నాలుగు గంటలూ కలిసే ఉన్నా శారీరకంగా దూరమయ్యాం. ఇలా మాకొక్కరికేనా?

మీ ఒక్కరికే కాదు. లాక్‌డౌన్ తర్వాత తొమ్మిది నెలలకు ఊయలలు నిండుతాయని అప్పట్లో పత్రికలు హాస్యమాడాయి. జరిగింది దానికి విరుద్ధం. అమెరికాలో 2020 మొత్తం మీద జననాలు 4 శాతం తగ్గాయి, మొదటి లాక్‌డౌన్ గర్భధారణల ఫలితం కనిపించాల్సిన డిసెంబరులో తగ్గుదల ఇంకా ఎక్కువగా ఉంది. ఐరోపాలోని పలు దేశాల్లోనూ ఇదే ధోరణి కనిపించింది. భవిష్యత్తు మీద నమ్మకం లేనప్పుడు దంపతులు బిడ్డను కనే ఆలోచనను వాయిదా వేశారు. మరోవైపు, గర్భనిరోధక సాధనాలు అందక తలెత్తిన సమస్య వేరు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2021 మార్చిలో వేసిన అంచనా ప్రకారం 1.2 కోట్ల మంది స్త్రీలకు ఆ సేవలు అందలేదు, దాని ఫలితంగా 14 లక్షల అవాంఛిత గర్భాలు వచ్చాయి.

కోరిక విషయానికొస్తే, దానికి కొంత ఎడం కావాలి. ఎదురుచూపు లేనిచోట, నిద్రలేని తల్లిదండ్రుల పక్కగదిలో పిల్లలు మేలుకుని ఉన్నచోట, రేపేమవుతుందోనన్న దిగులు ఉన్నచోట అది మందగించడం జబ్బు కాదు. పరిస్థితి మారి చాలాకాలమైనా ఆ దూరం అలాగే ఉండిపోతే వైద్యుల్ని కలవడానికి మొహమాటపడవద్దు.

నాకు కోవిడ్ వచ్చినప్పుడు నా భార్య గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ దృశ్యం మరిచిపోలేకపోతున్నాను. ఏం చేయను?

బుద్ధికి అర్థమైనది మనసుకు అర్థం కావడం లేదు, అంతే. దగ్గరికి రాకూడదన్నది అప్పటి వైద్య సలహా అని మీకు తెలుసు. అయినా జ్వరంతో ఒంటరిగా పడుకున్న మనిషికి మూసిన తలుపు వదిలేసినట్టే అనిపిస్తుంది. తలుపుకు అవతల ఏం జరిగిందో మీరు ఎప్పుడైనా అడిగారా? పిల్లలకు ఏమీ కాకుండా చూడాలి, మీ ఊపిరి శబ్దం వినాలి, తనకు కూడా వస్తే ఎవరు దిక్కన్న ఆలోచనను అణచుకోవాలి. అవతల ఉన్నవారికి ఆ రోజులు ఎలా గడిచాయో చాలామంది రోగులకు ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే కోలుకున్నాక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. "నువ్వెందుకు రాలేదు" అని కాకుండా "ఆ పద్నాలుగు రోజులూ నువ్వెలా ఉన్నావు" అని మొదలుపెట్టండి.

భార్యనో భర్తనో ఆసుపత్రిలో చివరిచూపు లేకుండా పోగొట్టుకున్నవారి బాధ దీనికంటే ఎంతో లోతైనది. వీడ్కోలు దక్కని దుఃఖం సాగి సాగి ఉంటుంది, దానికి ప్రత్యేకమైన సాయం అవసరం కావచ్చు.

లాక్‌డౌన్ పడేనాటికి మేము వేర్వేరు దేశాల్లో ఉన్నాం. కలిసి ఉన్నవారికంటే మేమే నయమా?

దూరపు కొండలు నునుపు. కలిసి చిక్కుకున్నవారు మీ ఏకాంతాన్ని చూసి అసూయపడ్డారు, మీరు వారి సాన్నిధ్యాన్ని చూసి అసూయపడ్డారు. 2020 వసంతంలో జర్మనీలోని కాన్‌స్టాంజ్, స్విట్జర్లాండ్‌లోని క్రాయిట్స్‌లింగెన్ పట్టణాల మధ్య కంచె వేస్తే, దానికి అటూ ఇటూ నిలబడి చేతులు పట్టుకున్న జంటలు ఎందరో. చేతులు కూడా అందకుండా అధికారులు రెండో కంచె వేశారు. ఒప్పందం ముగిసినా ఓడ దిగలేకపోయిన నావికులు 2020 చివరికి 4 లక్షల మంది ఉన్నారని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ లెక్కకట్టింది, వారి భార్యల ఎదురుచూపుకు లెక్క ఎవరూ కట్టలేదు.

ఎడబాటులో మనిషిని కాదు, ఆ మనిషి గొంతును ప్రేమిస్తూ గడుపుతాం. తిరిగి కలిశాక ఆ గొంతుకు అలవాట్లు, గురక, చిరాకు కూడా ఉన్నాయని మళ్ళీ తెలుస్తుంది. కలిసిన మొదటి నెల ఇబ్బందిగా గడిచిందంటే ఎడబాటు బంధాన్ని చెడగొట్టిందని అర్థం కాదు, ఇద్దరూ విడివిడిగా అలవరచుకున్న దినచర్యలు ఒకదానితో ఒకటి కుదురుకోవడానికి సమయం పడుతుందనే అర్థం.

## గొడవ హద్దు దాటినప్పుడు

గృహహింస నిజంగా పెరిగిందా, లేక ఫిర్యాదులు మాత్రమే పెరిగాయా?

పలు దేశాల్లో సహాయ కేంద్రాలకు వచ్చిన ఫోన్లు పెరిగాయి. ఫ్రాన్స్‌లో 2020 మార్చి 17న లాక్‌డౌన్ మొదలయ్యాక ఫిర్యాదులు 30 శాతం, సింగపూర్‌లో సహాయ కేంద్రాలకు ఫోన్లు 33 శాతం పెరిగినట్టు ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం తెలిపింది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ ఏప్రిల్ 5న, యుద్ధభూముల్లోనే కాక ఇళ్ళలోనూ శాంతి కావాలని విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. అయితే అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్నిచోట్ల ఫోన్లు పెరగడానికి బదులు తగ్గాయి. కొట్టే మనిషి రోజంతా పక్కనే ఉంటే ఫోను చేసే వీలెక్కడిది? అందుకే స్పెయిన్‌లోని కానరీ దీవుల్లో మందుల దుకాణానికి వెళ్ళి "మాస్కు 19" అని అడిగితే చాలు, సిబ్బంది అత్యవసర సేవలకు కబురందించే ఏర్పాటు చేశారు. ఆ పద్ధతి ఇతర ప్రాంతాలకూ పాకింది. ఫిర్యాదు పెరగడం, తగ్గడం రెండూ ప్రమాద సూచనలే కాగలవు.

"అప్పుడు లాక్‌డౌన్ ఒత్తిడి కదా, అందుకే చెయ్యి చేసుకున్నాను" అంటున్నారు. నమ్మవచ్చా?

ఆ ఒత్తిడి ఇద్దరి మీదా ఉంది, చెయ్యి లేచింది ఒక్కరిదే. విసుగును, మౌనాన్ని, గట్టిగా అరిచిన అరుపును కూడా పరిస్థితి ఖాతాలో వేయవచ్చు. దెబ్బను, ఫోను లాక్కోవడాన్ని, పుట్టింటివారితో మాట్లాడనివ్వకపోవడాన్ని, డబ్బు అందకుండా చేయడాన్ని, భయపెట్టి పడకకు ఒప్పించడాన్ని అందులో వేయకూడదు. ఎదుటి మనిషి అడుగుల చప్పుడు విని మీరు మాట మార్చుకునే పరిస్థితి ఉంటే అది గొడవ హద్దు దాటింది. ఇలాంటి చోట "ఇద్దరూ సర్దుకుపోండి" అన్న సలహా ప్రమాదకరం. నమ్మకమైన ఒక మనిషికి చెప్పి, సురక్షితంగా ఉండే చోటు చూసుకుని, ఆ తర్వాతే మిగతా ఆలోచన చేయాలి.

## ఆంక్షలు ఎత్తేశాక

లాక్‌డౌన్ వల్ల విడాకులు వెల్లువెత్తాయన్నది నిజమేనా?

అంకెలు ఆ మాటను సమర్థించవు. అమెరికాలో ప్రతి వెయ్యి మందికి విడాకుల రేటు 2019లో 2.7 ఉంటే 2020లో 2.3కు తగ్గింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2019లో 1,08,421 విడాకులు మంజూరైతే 2020లో 1,03,592 అయ్యాయి, 2021లో 1,13,505కు పెరిగి, 2022లో 80,057కు పడిపోయాయి. ఈ ఎగుడుదిగుళ్ళను చూసి కాపురాలు ఒక ఏడాది బాగుపడి మరుసటి ఏడాది చెడ్డాయని అనుకోవడం పొరపాటు. 2020లో కోర్టులు మూతపడ్డాయి, 2021లో పాత దరఖాస్తులు తేలాయి, 2022 ఏప్రిల్‌లో తప్పు నిరూపించనక్కర్లేని కొత్త విడాకుల చట్టం అమల్లోకి వచ్చి, దానిలోని తప్పనిసరి నిరీక్షణ కాలం వల్ల తుది ఉత్తర్వులు ఆలస్యమయ్యాయి. చైనాలో 2021 జనవరి 1 నుంచి పరస్పర అంగీకార విడాకులకు 30 రోజుల పునరాలోచన గడువు పెట్టారు, అక్కడి లెక్కలు దాని తర్వాత ఒక్కసారిగా తగ్గాయి.

విడిపోవడానికి డబ్బు, వేరే ఇల్లు, ధైర్యం కావాలి. మహమ్మారిలో ఈ మూడూ కొరవడ్డాయి. కాబట్టి 2020 అంకెలు తగ్గడాన్ని అనురాగానికి కొలతగా తీసుకోలేం. అదే ఏడాది అమెరికాలో పెళ్ళిళ్ళ రేటు కూడా 6.1 నుంచి 5.1కు పడింది.

విడిపోవాలని ఆ రోజుల్లోనే నిర్ణయించుకున్నాం. ఆ నిర్ణయాన్ని నమ్మవచ్చా?

మీ ఫిర్యాదుల జాబితాను రెండుగా విడదీసి చూడండి. లాక్‌డౌన్ లేకపోతే అసలు తలెత్తేవే కాని ఫిర్యాదులు ఒకవైపు, పెళ్ళయిన తొలి ఏళ్ళ నుంచీ ఉండి అప్పుడు తప్పించుకోలేకపోయినవి మరోవైపు. మొదటి వైపే బరువుగా ఉంటే తొందరపడవద్దు. రెండో వైపు బరువుగా ఉంటే లాక్‌డౌన్ మీ కళ్ళు తెరిపించి ఉండవచ్చు, దాన్ని తక్కువ చేసుకోనక్కర్లేదు. చాలామంది కష్టకాలంలో తీసుకున్న నిర్ణయాలన్నీ తప్పేనంటారు, నేను దాన్ని ఒప్పుకోను. ఒత్తిడిలో మనిషి అతిగా చూడవచ్చు గానీ, లేనిదాన్ని చూడడు.

ఆ రోజులు మమ్మల్ని దగ్గర చేశాయని చెబితే ఎవరూ నమ్మరు. మేము భ్రమపడుతున్నామా?

లేదు. రోజుకు మూడు గంటల ప్రయాణం తప్పడంతో మొదటిసారి పిల్లలతో తీరిగ్గా కూర్చున్న తండ్రులు ఉన్నారు. భార్య ఉద్యోగంలో ఎంత నేర్పుతో మాట్లాడుతుందో పక్కగదిలోంచి విని తెలుసుకున్న భర్తలు ఉన్నారు. మంచి జరిగిందని చెప్పడానికి అందరూ కష్టపడిన కాలమన్న మొహమాటం అడ్డొస్తుంది, అంతే.

ఆఫీసులు తెరిచాక మాకు అసలు గొడవ మొదలైంది. ఎందుకిలా?

లాక్‌డౌన్‌లో కుదుర్చుకున్న ఏర్పాటు అందరికీ తెలిసిన ఒప్పందం కాదు, దానంతటది కుదిరింది. ఆంక్షలు పోయాక ఒకరు దాన్ని తాత్కాలికమనుకున్నారు, రెండోవారు శాశ్వతమనుకున్నారు. వంట నేర్చుకున్న భర్త వారం తిరక్కుండానే వంటింటిని మరిచిపోతే, పాత అన్యాయం కొత్తగా జరిగినట్టే ఉంటుంది. పనిచోటుకు వెళ్ళాలన్న ఒకరి ఉత్సాహం కూడా "ఇంట్లో నాతో ఉండటం అంత కష్టమైందా" అన్న ప్రశ్నగా రెండోవారికి వినిపిస్తుంది. ఏ పనులు ఎవరివన్నది ఈసారి నోరు విప్పి, పేరుపేరునా మాట్లాడుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

## ఇప్పుడు

పెళ్ళయిన వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. మామూలు కాపురం ఎలా ఉంటుందో మాకు తెలియదు. మొదలే చెడిపోయిందా?

కొత్త జంటకు ఉండాల్సిన విహారాలు, విందులు, బంధువుల సందడి మీకు దక్కలేదు. దానికి బదులు ఐదేళ్ళ తర్వాత తెలియాల్సిన విషయాలు ఐదు వారాల్లో తెలిశాయి. ఒకరి కోపం, భయం, డబ్బు వాడే తీరు అన్నీ ముందే చూసేశారు. సరదా అనుభవాలు తక్కువగా ఉండటం మాత్రం నిజమైన లోటు, ఎందుకంటే తగవు వచ్చినప్పుడు పట్టి ఉంచేవి అలాంటి జ్ఞాపకాలే. ఆ లోటును ఇప్పుడు పూడ్చుకోవచ్చు, దానికి గడువు దాటిపోలేదు.

మా గొడవలన్నీ పిల్లలు చూశారు. వారి మనసు మీద మచ్చ పడిపోయిందా?

తల్లిదండ్రుల తగవు చూసిన ప్రతి పిల్లవాడూ దెబ్బతినడు. తగవు చూసి, రాజీ మాత్రం చూడని పిల్లలు ఎక్కువ బెంగపడతారు, కానీ పెద్దలు సాధారణంగా అందరి ముందూ పోట్లాడి గదిలోకి వెళ్ళి కలిసిపోతారు. "అప్పుడు మేమిద్దరం భయపడి అరుచుకున్నాం, అందులో నీ తప్పేమీ లేదు" అన్న మాట ఇప్పుడు చెప్పినా వారికి ఉపయోగమే.

ఇన్నేళ్ళ తర్వాత ఆ రోజుల సంగతి ఎత్తడం అవసరమా? పాత పుండును కెలికినట్టు కాదా?

ఇప్పటి తగవుల్లో ఆ రోజుల మాట దానంతటదే వస్తూ ఉంటే, పుండు ఇంకా మానలేదనే లెక్క. "అప్పుడు కూడా నువ్వు ఇలాగే చేశావు" అన్న వాక్యం మీ ఇంట్లో వినిపిస్తోందేమో గమనించండి. వినిపించకపోతే వదిలేయండి, అన్ని విషయాలనూ తవ్వి మాట్లాడుకోవాలన్న నియమమేమీ లేదు.

మాట్లాడాలనుకుంటే తగవు లేని రోజున, ఒక్క సంఘటన తీసుకుని మొదలుపెట్టండి. ఇద్దరి జ్ఞాపకాలూ వేరుగా ఉంటాయని ముందే సిద్ధపడండి. రోజులన్నీ ఒకేలా గడిచిన కాలం గనుక ఏది ముందో ఏది వెనకో ఎవరికీ సరిగా గుర్తుండదు. అందువల్ల ఎవరి జ్ఞాపకం సరైనదని తేల్చడానికి కూర్చుంటే అది కొత్త తగవవుతుంది.

కౌన్సెలింగ్‌కు వెళదామంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. నేను ఒక్కడినే వెళితే ఫలితం ఉంటుందా?

ఉంటుంది, అయితే మీరు ఆశించే ఫలితం కాకపోవచ్చు. ఒక్కరే వెళ్ళినప్పుడు ఆవిడను మార్చడం ఎలాగన్న ప్రశ్నకు జవాబు దొరకదు. తగవులో మీ వంతు ఏమిటో తెలుస్తుంది, వెంటపడే చక్రంలోనో తప్పించుకునే చక్రంలోనో మీరున్న చోటు తెలుస్తుంది. ఒకరు తమ అడుగు మార్చుకుంటే రెండోవారి అడుగు పాత చోట పడదు. ఆవిడ ఎందుకు వద్దంటున్నారో కూడా ఆలోచించండి. మూడో మనిషి ముందు తననే దోషిగా నిలబెడతారన్న భయం ఉండవచ్చు. మొదటిసారి మీరు మీ తప్పుల గురించి మాట్లాడటానికే వెళుతున్నారని తెలిస్తే, రెండోసారి ఆవిడ కూడా రావచ్చు. రాకపోయినా, మీరు వెళ్ళడం మానుకోనక్కర్లేదు.